కీళ్ళవాతం - మన మూలికలు

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు కీలు వాస్తే పెద్దలు "వాతం చేసింది" అంటారు. కంచె మీది తిప్పతీగ తెచ్చి కషాయం కాస్తారు. కన్నడంలో అమృతబళ్ళి అనేది దీన్నే. ఈ వైద్యంలో నిజమెంతో చూద్దాం.

ముందు జబ్బును గుర్తించాలి. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో చేరితే అది గౌట్. తరచు రాత్రివేళ కాలి బొటనవేలి మొదట్లో ఒక్కసారిగా ఎర్రగా వాస్తుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఆయుర్వేదంలోని వాతరక్తం దీనికి దగ్గర. అయితే మన తాలూకాల్లో చాలా బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్ల నడుము, మెడ, కీళ్ళు ఏళ్ళ తరబడి మెల్లగా బిగుసుకుంటాయి. తాగేనీరు మార్చవలసిన చోట ఆకు నూరితే ఏం లాభం?

తిప్పతీగకు వాతరక్తంలో పాతకాలం నుంచి పేరుంది. జంతువులపై చేసిన ప్రయోగాల్లో వాపు తగ్గించే గుణం కనిపించింది. మనుషుల్లో గౌట్‌ను నయం చేస్తుందని చెప్పడానికి అది చాలదు. పైగా 2020లో ముంబైలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఏమైనా, కామెర్లు వచ్చినవారు దాని జోలికి పోకపోవడమే మేలు.

గౌట్‌కు గట్టి రుజువున్న మూలిక కాల్చికం. 1820లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దాని నుంచి కాల్చిసిన్ తీశారు. డాక్టర్లు నేటికీ గౌట్ నొప్పికి ఆ మాత్ర ఇస్తారు. మన అడవినాభి దుంపలోనూ అదే పదార్థం ఉంది. కన్నడంలో దాన్ని అగ్నిశిఖె అంటారు. అలాగని దుంప అరగదీసి తాగకండి. మాత్రలో మిల్లీగ్రాముల లెక్క ఉంటుంది, దుంపలో ఉండదు. కొంచెం ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, చివరికి ప్రాణాపాయం.

ఇక పథ్యం. చాలామంది పప్పు మానేస్తారు. 2004లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో 47 వేలమందికి పైగా పురుషులను 12 ఏళ్ళు గమనించారు. మాంసం, చేపలు ఎక్కువ తిన్నవారిలో గౌట్ పెరిగింది గాని, పప్పుధాన్యాల వల్ల పెరగలేదు. కాబట్టి సంగటి, ఉలవచారు మానుకోనక్కరలేదు. మద్యం, కార్జం తగ్గించండి.

కీలు వాచి ఎర్రబడి, జ్వరం కూడా ఉంటే కషాయంతో కాలం గడపకండి, అది చీము పట్టిన కీలు కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. వాడే మూలిక ఏదైనా డాక్టరు దగ్గర దాచకండి.