అంతర్జాలంలో న్యాయం: మన హక్కులు, మన పేర్లు

(కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనం ఈ నేలకు నిన్న మొన్న వచ్చినవారం కాము. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకునితో మొదలైన మదురై నాయకరాజుల ఏలుబడి నాటికే మనవారి ఊళ్ళు ఇక్కడ వేరూనాయి. కోయంబత్తూరు చుట్టుపట్ల పత్తి పండించి మిల్లులు నిలిపిన నాయుళ్ళు, ఊరి చాకిరీ అంతా మోసి ఊరి చివర మిగిలిన అరుంధతీయులు, మదురై, తేని పల్లెల్లోని రాజకంబళంవారు, అందరిదీ ఒకటే ఇంటిభాష. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు, అంటే నూటికి దాదాపు ఆరుగురు. ఇంతమందికి రాజ్యాంగం ఇచ్చిన హక్కులు ఎక్కడున్నాయి? ఇంతకాలం అవి గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నాయి. ఇప్పుడు మీ చేతిలోని ఫోనులో ఉన్నాయి. ఈ మార్పు మనకు ఏమి తెచ్చింది, ఏమి తేలేదు అన్నదే నేడు నేను మీ ముందు పెట్టదలచిన విషయం.

నేను న్యాయవాద వృత్తిలో అడుగుపెట్టిన రోజుల్లో సీనియరు గదిలోని పుస్తకాల వరుసను బట్టే ఆయన బలం తెలిసేది. 1891 నుండి వెలువడుతున్న మద్రాస్ లా జర్నల్, 1914 నుండి వెలువడుతున్న ఆలిండియా రిపోర్టర్ సంపుటాలు గోడ నిండా ఉన్నవాడే పెద్ద వకీలు. ఒక తీర్పు వెతకాలంటే సూచికలు తిరగేసి, సంపుటం దించి, దుమ్ము దులిపి చదవాలి. పల్లె నుండి వచ్చిన కక్షిదారుకు ఆ గదిలో కుర్చీయే దొరకదు, ఇక పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? 2004 జూలై 24న మదురైలో హైకోర్టు ధర్మాసనం ఏర్పడేవరకు దక్షిణ జిల్లాలవారు ప్రతి రిట్టుకూ చెన్నపట్నం రైలెక్కవలసిందే. కోయంబత్తూరువారికి నేటికీ చెన్నపట్నమే గతి.

తరువాత మార్పులు వరుసగా వచ్చాయి. ముందు సీడీలు, ఆపైన చందా కట్టి వాడుకొనే తీర్పుల నిధులు, 2008లో ఎవరైనా రుసుము లేకుండా వెతకగల ఇండియన్ కానూన్. 2007లో మొదలైన ఈ-కోర్టుల పథకం వల్ల జిల్లా కోర్టులోని దావా వాయిదా ఏనాడో ఇంట్లో కూర్చుని తెలుసుకోగలుగుతున్నాము. 2020లో కరోనా వచ్చినప్పుడు వాదనలే తెరమీదికి ఎక్కాయి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన అధికారిక నివేదికల్లోని తీర్పులను ఈ-ఎస్.సి.ఆర్. పేరిట ఉచితంగా ప్రజల ముందుంచింది. గోడ నిండా పుస్తకాలున్న వకీలుకూ, మొన్న పట్టా పుచ్చుకున్న కుర్రవాడికీ నడుమ ఉన్న పాత దూరం చాలావరకు తరిగిపోయింది.

మన ఉద్యమానికి దీనివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతి కల్పించమని ప్రతి రాష్ట్రానికీ చెబుతున్నది. 350-బి అధికరణం కింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు నివేదికలను ఇప్పుడు ఎవరైనా చదవవచ్చు. 1949లో విద్యామంత్రుల సమావేశం ఆమోదించిన కొలమానం వాటిలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని మాతృభాషలో చదవగోరితే ఉపాధ్యాయుని ఏర్పాటు చేయాలి. అలా కోరేవారి పేర్లు ముందుగానే నమోదు చేసుకొనే పట్టిక బడిలో ఉండాలి. ఈ పట్టిక సంగతి మనలో ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? పేరు నమోదు చేయించనిదే "అడిగినవారు లేరు" అన్న జవాబు తప్పదు. ఇది శాసనం కాదు, రాష్ట్రాలు ఒప్పుకున్న ఏర్పాటు మాత్రమే. అయినా అర్జీకి అది గట్టి పునాది. ఆ అర్జీని తెలుగులో ఇచ్చే హక్కు 350వ అధికరణం మనకు ఇచ్చింది. జవాబు కూడా తెలుగులోనే రావాలని మాత్రం అది చెప్పలేదు.

తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కొక్క తరగతికి పాకిన నిర్బంధ తమిళం 2015-16లో పదో తరగతిని చేరింది. మన పిల్లలు తమిళం నేర్వరాదని మనం ఏనాడూ అనలేదు. మనకు అన్నం పెట్టిన భాష అది. మన భాషను నాలుగో స్థానానికి, ఐచ్ఛికానికి నెట్టవద్దన్నదే మన మొర. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు పదో తరగతి తమిళ పరీక్ష నుండి మినహాయింపును ఒక ఏడాదికి పొడిగించింది. ఇలాంటి ఉత్తర్వు వెలువడినప్పుడు దాని అచ్చు ప్రతిని తండ్రి స్వయంగా తీసుకొని వెళ్ళి ప్రధానోపాధ్యాయుని ముందు పెట్టగలగడం కొత్త బలం. "మాకు ఉత్తర్వు అందలేదు" అనే పాత మాట ఇక చెల్లదు.

అయితే తీర్పు దొరకడం వేరు, తీర్పు తెలియడం వేరు. వెతికితే మనకు అనుకూలమైన వాక్యం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి తేల్చాలన్నది. అది మనకు అండ. కాని 2004లో ఉషా మెహతా కేసులో, మహారాష్ట్రలో గుజరాతీ బడులు సైతం మరాఠీ నేర్పాలన్న నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. అది మనకు ఎదురు. మొదటిది చదివి రెండవది వదిలిన వకీలును అవతలి పక్షం మొదటి వాయిదాలోనే పడగొడుతుంది. పాత తీర్పు నేటికీ నిలిచి ఉందా, పెద్ద ధర్మాసనం దాన్ని తోసిపుచ్చిందా అన్నది చూడకుండా ముద్రించుకొని రావడం ప్రమాదం.

ఇప్పుడు అడిగినదానికి జవాబు అల్లి ఇచ్చే కృత్రిమ మేధ వచ్చింది. 2023లో న్యూయార్కు కోర్టులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనే లేని తీర్పులను ఉదహరించి 5,000 డాలర్ల జరిమానాకు గురయ్యారు. 2025 జూలైలో కేరళ హైకోర్టు తన పరిధిలోని జిల్లా న్యాయవ్యవస్థకు, తీర్పు నిర్ణయించడానికి ఈ సాధనాలను వాడరాదని నియమం పెట్టింది. యంత్రం చెప్పిన తీర్పును కోర్టు వెబ్‌సైటులో స్వయంగా తెరిచి చూడనిదే కాగితం మీద పెట్టవద్దని యువ న్యాయవాదులకు నా మనవి.

ఇక మన ఇళ్ళకు సూటిగా తగిలే సంగతి మరొకటి ఉంది. తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకే అక్షరం. క, ఖ, గ, ఘలకూ అంతే. మన భీమయ్య తాలూకా కచేరి పుస్తకంలో "పీమయ్య" అవుతాడు. అక్కడి నుండి ఆంగ్లంలోకి పోయేటప్పుడు ఒకచోట పి, ఒకచోట బి, ఇంకొకచోట బి-హెచ్ పడుతుంది. పైగా ఇక్కడి వాడుక ప్రకారం మన పేరు ముందు ఉండేది తండ్రి పేరులోని మొదటి అక్షరం. ఇంటిపేరు పెళ్ళి సంబంధాలప్పుడే గుర్తుకు వస్తుంది, దస్తావేజులో కనిపించదు. పూర్వం గ్రామ కరణం మనిషిని ఎరుగును గనుక అక్షరం తేడాను పట్టించుకోలేదు. కంప్యూటరు మనిషిని ఎరుగదు. అది అక్షరాన్ని మాత్రమే ఎరుగును. తాత పట్టాలో ఒక పేరు, తండ్రి విల్లంగం పత్రంలో ఒక పేరు, కొడుకు ఆధారులో ఇంకొక పేరు ఉంటే ముగ్గురూ ఒకే వంశమని నిరూపించుకొనే భారం మన మీద పడుతుంది. అరుంధతీయ సోదరులకు ఇది మరీ బరువు. 2009 చట్టం వారికి షెడ్యూల్డు కులాల 18 శాతంలో 3 శాతం లోకోటా ఇచ్చింది. ఇటువంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. న్యాయస్థానంలో గెలిచిన హక్కు కుల ధ్రువపత్రంలోని అక్షరం దగ్గర ఆగిపోతే ఎంత అన్యాయం!

కనుక మీరు చేయవలసిన పనులు కొన్ని చెబుతాను. ఇంట్లో ఉన్న పత్రాలన్నీ ఒకచోట పేర్చి, ఎవరి పేరు ఎక్కడ ఎలా పడిందో ఒక కాగితం మీద రాసుకోండి. తేడాలను పిల్లవాడి పదో తరగతి పత్రం అచ్చయ్యే ముందే సరిచేయించండి. పెట్టెల్లోని పాత తెలుగు దస్తావేజులను ఫోటో తీసి దాచండి, కాని అసలును పారవేయకండి. 30 ఏళ్ళు దాటిన పత్రం తగినచోట నుండి వస్తే దాని సంతకాలను నిజమైనవిగా కోర్టు భావించవచ్చునన్న సూత్రం 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 92వ సెక్షనులోనూ ఉంది. ఫోటో మాత్రమే మిగిలితే 63వ సెక్షను కోరే ధ్రువీకరణ కావాలి. ఆ బాధ అసలు ఉన్నవానికి లేదు.

న్యాయస్థానాల భాష విషయంలో కూడా కొంత కదలిక ఉంది. 348వ అధికరణం ప్రకారం ఉన్నత న్యాయస్థానాల భాష ఇంగ్లీషు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు సువాస్ అనే అనువాద సాధనాన్ని ప్రవేశపెట్టింది. నేడు కొన్ని తీర్పులు తెలుగులో దొరుకుతున్నాయి. కాని అవి చదివి తెలుసుకొనేందుకే, వాదనకు ఆంగ్లప్రతే ప్రమాణం. ఆ తెలుగు తీర్పును చదవగల బిడ్డ మన ఇంట్లో ఉన్నాడా? తెలుగు మాట్లాడి, తెలుగు రాయలేని తరం మన కళ్ళముందే పెరుగుతున్నది. యంత్రం మన భాషలోకి తీర్పును తెచ్చిపెట్టిన రోజున దాన్ని చదివే కన్ను మనకు లేకపోతే ఆ తప్పు ఏ ప్రభుత్వానిదీ కాదు.

అందుచేత వచ్చే విద్యాసంవత్సరానికి ముందే మీ మీ బడులకు వెళ్ళి మాతృభాష పట్టికను అడగండి. లేకపోతే పెట్టించమని రాతపూర్వకంగా, తెలుగులోనే అర్జీ ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. పదిమంది పిల్లల పేర్లు ఒక కాగితం మీదికి వస్తే మిగిలిన వాదన మా బోటివారం చూసుకుంటాము. సెలవు.