తుపాను కన్ను: మబ్బుల మాటున దాని జాడ



1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనను తెలుగువారు మరచుట కల్ల. సుమారు 10 వేల మంది మరణించిరి. ఆ తుపాను కేంద్రము దివిసీమ మీదుగా పోలేదు. దానికి నైరుతిగా చీరాల, నిజాంపట్నముల ప్రాంతమున తీరము దాటెను. అయినను ప్రళయము దివికే వచ్చెను. కారణమిది: ఉత్తరార్ధగోళమున తుపానుగాలి గడియారపు ముల్లునకు ఎదురుదిశగా తిరుగును. కావున తూర్పుతీరమున కేంద్రమునకు ఉత్తరపు ప్రక్క గాలి సముద్రమును ఒడ్డుమీదికి త్రోయును. దక్షిణపు ప్రక్క గాలి నీటిని కడలివైపే మరల్చును. కేంద్రము లెక్క 50 కిలోమీటర్లు తప్పినచో, ఖాళీ చేయింపవలసిన ఊళ్లే మారిపోవును.

మరి ఆ కేంద్రమును కనిపెట్టుట యెట్లు? తీరమునందలి రాడారు కొన్ని వందల కిలోమీటర్ల వరకే చూడగలదు. ఆపైన ఉపగ్రహమే దిక్కు. 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియుండు ఉపగ్రహములు అరగంటకొక పటమైనను పంపును గాని, అవి చూచునది మబ్బుల పైకప్పును మాత్రమే. బాగుగా ముదిరిన తుపానునకు కన్ను తెరచుకొని కనబడును. ముదురుచున్న దశలోనన్ననో, పలుచని మంచుమబ్బు చాపవలె పరచుకొని దానిని కప్పివేయును. పైగాలులు త్రోసినపుడు మబ్బొకచోటను, క్రింది సుడి మరొకచోటను ఉండుటయు కలదు.

ఇచ్చటనే సూక్ష్మతరంగములు అక్కరకు వచ్చును. నీరును, గాలియు స్వభావముచేతనే వెడలించు ఈ తరంగములు పలుచని మంచుమబ్బును దాదాపు అడ్డులేక దాటును. సుమారు 89 గిగాహెర్ట్జుల వద్ద పెనుమబ్బులలోని పెద్ద మంచుపలుకులు వానిని చెదరగొట్టుటచే ఆ తావు చల్లగా అగపడును. 37 గిగాహెర్ట్జుల వద్ద క్రింది వాన తెలియును. అట్లు కన్నుచుట్టునుండు వానగోడయు, సుడిపాయలును బయటపడును. గానుగ కనబడకున్నను ఎద్దు త్రొక్కిన బాటను బట్టి దాని చోటు చెప్పవచ్చును గదా! 2010లో అమెరికాకు చెందిన విమ్మర్స్, వెల్డెన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన 'ఆర్చర్' పద్ధతి యిట్టిదే. సుడుల వంపునకును, కంటి వలయమునకును చక్కగా కుదురు బిందువును కంప్యూటరు వెదకును.

చిక్కులు లేకపోలేదు. ఉపగ్రహము ఏటవాలుగా చూచుటచే ఎత్తుననున్న మంచు పదేసి కిలోమీటర్లకు పైగా ప్రక్కకు జరిగినట్లు తోచును, దానిని సరిదిద్దవలెను. ఇంతకంటె పెద్ద కొరత మరొకటి. ఈ పరికరములు తక్కువ ఎత్తున తిరుగు ఉపగ్రహములందే యుండును. ధ్రువములమీదుగా తిరుగునట్టిది ఒకచోటిని దినమునకు ఒకటి రెండు మారులే చూచును. భారత, ఫ్రాన్సు దేశములు కలసి 2011 అక్టోబరు 12న శ్రీహరికోటనుండి ప్రయోగించిన మేఘా-ట్రోపిక్స్, భూమధ్యరేఖకు చేరువగా తిరుగుచు, ఉష్ణమండలమును అంతకంటె తరచుగా చూచెను. వానను చూచుటకై దానిలో నమర్చిన పరికరము 2013లో మూలబడెను. గాలిలోని తేమను కొలుచు పరికరము మాత్రము ఆ తరువాతను పనిచేసెను. 2023 మార్చి 7న ఆ ఉపగ్రహమును పసిఫిక్ సముద్రముపైకి దింపివేసిరి.

పలు దేశముల ఉపగ్రహములు నేడును ఈ పని చేయుచున్నవి. అయినను ఒకదాని రాకకును, మరొకదాని రాకకును నడుమ గడచు గంటలలో వాతావరణ శాస్త్రజ్ఞుడు మరల పైమబ్బునే చూచి, ఇందాకటి జాడను కలుపుకొని, కన్ను ఎంతదూరము కదలెనో అంచనా కట్టవలసియున్నది.