బడి కబురు ఇంటికి చేరాలి

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో తల్లిదండ్రులను, విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గొప్పతనం గురించి ఈ వేదిక మీద ప్రతి ఏటా పెద్దలు చెబుతూనే ఉన్నారు. నేను దాని జోలికి పోను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో పిల్లలు చదువుతున్నప్పుడు బడిలో జరిగే సంగతులు ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తున్నాయి, తెలియకపోతే ఏం నష్టం అన్న ఒక్క విషయం మీతో మాట్లాడతాను. నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, ఉపాధ్యాయుణ్ణి కాను. అయితే హోసూరు చుట్టుపక్కల పల్లెల నుంచి బడి కాగితాలు పట్టుకుని కౌంటర్ దగ్గరకు వచ్చి "అయ్యా, ఇందులో ఏం రాసినారో కొంచెం చదివి చెప్పండి" అని అడిగిన తల్లులను చాలామందిని చూశాను. వాళ్లు చదువురానివాళ్లు కారు. తెలుగు చదవగలరు. ఆ కాగితం తమిళంలో ఉంటుంది, అంతే.

ఐదో తరగతి దాకా ఈ బాధ అంతగా ఉండదు. బడి వీధి చివర ఉంటుంది. టీచరమ్మ ఒక్కరే, లేదా ఇద్దరు. నీళ్ల దగ్గరో, అంగడి దగ్గరో కనబడి "మీ వాడు మూడు రోజులుగా ఎక్కాలు చెప్పడం లేదు" అని చెప్పేస్తారు. ఆరో తరగతితో అంతా మారిపోతుంది. 2009 విద్యా హక్కు చట్టం కింద కేంద్రం చేసిన నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడి కిలోమీటరు లోపల ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకైతే మూడు కిలోమీటర్ల దాకా ఉండవచ్చు. సైన్సు, లెక్కలకు ఒకరు, సోషలుకు ఒకరు, భాషలకు ఒకరు చొప్పున టీచర్లు ఉంటారు. మీ అమ్మాయిని రోజంతా చూసే మనిషి ఆ బడిలో ఉండరు. ప్రతివారూ ముప్పావు గంట చూస్తారు. తల్లికి ఆ ఊరు దూరం, ఆ టీచర్లు కొత్త, కాగితం భాష కొత్త. అప్పటి నుంచి బడికీ ఇంటికీ మధ్య వార్తాహరుడు పదకొండేళ్ల పిల్లవాడే.

వాడు చెడ్డవాడు కాదు, కానీ తనకు ఏది ముఖ్యమో అదే చెబుతాడు. సైన్సు ఎగ్జిబిషన్‌కు థర్మాకోలు కావాలని తప్పక చెబుతాడు. గురువారం తల్లిదండ్రుల మీటింగు ఉందని మరచిపోతాడు. మార్కులు తగ్గిన టర్ములో అయితే మరింత బాగా మరచిపోతాడు! (ఇక్కడ కూర్చున్న పిల్లలు నవ్వుతున్నారు, అంటే నేను చెప్పింది నిజమే.) ఇంట్లో ఆ భాష చదవగలిగినవాడు వాడొక్కడే అయితే, కాగితంలో ఏముందో వాడు చెప్పిందే వేదం. పిల్లలకు ఇంత అధికారం ఇవ్వడం వాళ్లకూ మంచిది కాదని నా అభిప్రాయం.

నష్టం ఎలా ఉంటుందో చెబుతాను. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలోనే తమిళనాడు, కర్ణాటక, పుదుచ్చేరి ఉన్నాయి. పుదుచ్చేరి అంటే మన యానాం కూడా. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ వేశారు. మిడిల్ స్కూలు పిల్లలకు బడిలోనే వేశారు. బడి కాగితం కన్నా ముందు వాట్సాప్‌లో పుకార్లు వచ్చాయి. ఈ సూది వేస్తే అది అవుతుంది, ఇది అవుతుంది అని. భయపడి ఆ రోజు పిల్లలను బడికి పంపనివాళ్లు ఎందరో. తమిళనాడులో గడువు పొడిగించాల్సి వచ్చింది. ఆ తల్లులను నేను తప్పుపట్టను. ఏ సూది, ఎందుకు, ఎవరు వేస్తారు అన్నది వాళ్లకు తెలిసిన భాషలో ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ భయం అక్కడే ఆగిపోయేది.

నీలం రంగు ఐరన్ మాత్రల సంగతీ అంతే. ఆరో తరగతి నుంచి వారానికొకటి ఇస్తారు, అన్నం తిన్న తరువాత వేసుకోవాలి. మలం నల్లగా రావచ్చు, కొందరికి కాస్త కడుపులో తిప్పవచ్చు. ఇది తెలియని తల్లి "ఏదో మందు పెడుతున్నారు, పారేయి" అంటుంది. రక్తం తక్కువైన ఆడపిల్లలు మన ఇళ్లలో తక్కువేమీ లేరు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు. దాన్ని నమిలి మింగాలి. ఆ తేదీలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇంకో చిన్న సంగతి, నాకైతే ఇది చిన్నదిగా తోచదు. తమిళనాడులో 2022 సెప్టెంబరులో బడిలో ఉదయం టిఫిను పథకం మొదలుపెట్టింది ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు. ఐదేళ్లు బడిలో టిఫిను తిన్న పిల్ల ఆరో తరగతికి వచ్చి, బస్సుకోసం ఏడున్నరకే ఇల్లు వదిలితే మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపే. రెండో పీరియడ్‌లో కళ్లు తిరుగుతుంటే టీచరు నిద్రపోతున్నదనుకుంటారు. బడి చెప్పదు, పిల్ల చెప్పదు, ఇంట్లో తెలియదు. మధ్యాహ్న భోజనం లెక్క కూడా చెబుతాను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు రోజుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు అని కేంద్రం నియమం. ఈ కొలతలు తెలిసిన తల్లి ఒక్కరు వారానికోసారి వెళ్లి చూస్తే వంట గదిలో వచ్చే మార్పు వేరు.

ఇక డబ్బు విషయం. ఇది నాకు బాగా తెలిసిన భాగం కనుక కొంచెం ఎక్కువ సేపు తీసుకుంటాను, అధ్యక్షులు క్షమించాలి.

2008 నుంచి కేంద్ర ప్రభుత్వం నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తున్నది. దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష మందికి కొత్తగా ఇస్తారు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. అంటే నాలుగేళ్లలో 48,000. మన ట్రస్టు ఇచ్చేదానికన్నా ఇది ఎక్కువే. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో చదివేవారికి ఇది వర్తిస్తుంది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. పరీక్ష ఎనిమిదో తరగతిలో రాయాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగల పిల్లలకు ఐదు శాతం సడలింపు ఉంది. "ఎనిమిది దాకా ఎలాగూ ఫెయిలు చెయ్యరు కదా" అని ఏడో తరగతి మార్కులను పట్టించుకోని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఏడులో మార్కులు పోతే ఎనిమిదిలో పరీక్షకే కూర్చోనివ్వరు. ఈ సంగతి ఎనిమిదో తరగతిలో తెలిసి లాభం లేదు, ఆరులోనే తెలియాలి.

తమిళనాడులో ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. 2020లో చేసిన చట్టం ప్రకారం నీట్ రాసి మెడికల్ సీటు కోరేవారిలో, ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 7.5 శాతం సీట్లు ప్రత్యేకించారు. 2021లో ఇంజనీరింగు వంటి కోర్సులకూ దాన్ని పెట్టారు. 2022లో మొదలైన పుదుమైప్పెణ్ పథకంలో ఆడపిల్లలకు పై చదువులో నెలకు 1,000 రూపాయలు ఇవ్వడానికి మొదట పెట్టిన షరతు కూడా ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడి చదువే. ఐదు పూర్తికాగానే అప్పు చేసి ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో వేసే తండ్రి ఏం వదులుకుంటున్నాడో తెలిసి వదులుకుంటే నాకు అభ్యంతరం లేదు. చాలామందికి తెలియదు. చేర్పించే రోజున బడివారు చెప్పాలి, చెప్పకపోతే మనం అడగాలి.

డబ్బు మంజూరైనా చేతికి రాని పిల్లలను బ్యాంకులో ఎంతో మందిని చూశాను. కారణం పేరు. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. తమిళనాడు బడిలో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ఇనీషియల్‌గా రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం విడమర్చి ఉంటుంది. బ్యాంకు పాసుపుస్తకంలో మూడో రకం. ఒడిశాలో అయితే ఇంటిపేరు చివరకు పోతుంది. ఒకే పిల్ల మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు! స్కాలర్‌షిప్ సొమ్ము నేరుగా పిల్లల ఖాతాలోకే వస్తుంది కనుక పేర్లు కలవకపోతే అక్కడే ఆగుతుంది. ఆరో తరగతి అడ్మిషన్ రోజునే బడి రిజిస్టరు, ఆధార్, పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి చూసుకోండి. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరిట ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది.

భాష సంగతి ఈ సభలో చెప్పకుండా కుదరదు. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015-16కు పదో తరగతి చేరింది. మనవాళ్లు కోర్టుల దాకా వెళ్లారు. కర్ణాటకలో 2015లో కన్నడ భాషా బోధన చట్టం వచ్చింది. నేను రాష్ట్ర భాషకు వ్యతిరేకిని కాను, అన్నం పెట్టిన నేల భాష నేర్చుకోవాల్సిందే. కానీ మీ పిల్ల పదో తరగతిలో ఏయే భాషల పరీక్ష రాయాలి, తెలుగు ఏ స్థానంలో ఉంటుంది, ఈ బడిలో తెలుగు టీచరు ఉన్నారా, వారు రిటైరైతే ఆ పోస్టు నింపుతారా అన్నవి ఆరో తరగతిలోనే లిఖితపూర్వకంగా అడిగి ఉంచండి. తెలుగు అడిగిన పిల్లల సంఖ్య రిజిస్టరులో కనబడకపోతే పోస్టు నిలవదు. యానాం వారికి ఈ బాధ తక్కువ. బళ్లారి, బరంపురం వారికి నేను విడమర్చి చెప్పనక్కరలేదు.

అడగడానికి మనకు హక్కు ఉన్నదా? ఉంది. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. కర్ణాటకలో దాన్నే ఎస్.డి.ఎం.సి. అంటారు. సభ్యులలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి. మొత్తంలో సగం మంది స్త్రీలు కావాలి. బడి నడక చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం ఈ కమిటీ పని. ఎయిడెడ్ బడులకు 2012 సవరణ తరువాత ఇది సలహా మాత్రమే ఇవ్వగలదు. ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు బడులకు ఈ సెక్షన్ వర్తించదు. అక్కడ ఫీజు కట్టే మనమే గట్టిగా అడగాలి. కమిటీలో మన తల్లుల పేర్లు కాగితం మీద ఉంటాయి, మీటింగు రోజున ఇంటికి రిజిస్టరు పంపి సంతకం పెట్టించుకుంటారు. అలా పెట్టకండి. వెళ్లి కూర్చోండి. తమిళం రాకపోతే తెలుగులో మాట్లాడండి, హోసూరులో తెలుగు అర్థంకాని టీచరు అరుదు.

ప్రోగ్రెస్ కార్డు విషయంలోనూ ఇదే చెబుతాను. చూడకుండా సంతకం చేయవద్దు. మార్కుల కన్నా ముందు హాజరు గడి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలని చట్టం. మీ అబ్బాయి రోజూ ఇంటి నుంచి బయలుదేరుతున్నాడు, కార్డులో పద్దెనిమిది రోజులు గైర్హాజరు కనబడుతున్నది. మరి ఆ పద్దెనిమిది రోజులు ఎక్కడికి వెళ్లాడు? అమ్మాయి ప్రతి నెలా నాలుగు రోజులు రావడం లేదు. బడిలో మరుగుదొడ్డికి తలుపు ఉందా, నీళ్లు ఉన్నాయా? మార్కులు తగ్గడం తరువాత కనబడుతుంది, హాజరు ముందే చెబుతుంది.

ఇప్పుడు చాలా బడులు వాట్సాప్ గ్రూపులు పెట్టాయి. మంచిదే. కానీ ఫోను తండ్రి దగ్గర ఉంటుంది, ఆయన సిప్‌కాట్‌లో షిఫ్టు డ్యూటీలోనో, లారీ మీదో ఉంటాడు. ఇంట్లో ఉన్న తల్లికి కబురు చేరదు. తల్లి నంబరు కూడా చేర్చమని అడగండి. రాసి పంపడంతో పాటు క్లాసు టీచరు అర నిమిషం మాట రికార్డు చేసి పంపితే చదవలేనివారు కూడా వింటారు. ఖర్చు లేని పని. ఒకటి మాత్రం నాకు నచ్చదు. క్లాసులో అందరి మార్కులు అదే గ్రూపులో పెట్టడం. తక్కువ వచ్చిన పిల్ల ఇంటికి కబురు చేరేలోపే ఊరంతా తెలుస్తున్నది.

ఫోను లేని ఇళ్లకు డైరీయే గతి. డైరీని పాసుపుస్తకం లాగా చూడండి. పాసుపుస్తకంలో ఎంట్రీ పడలేదంటే మీరు మా దగ్గరకు వచ్చి అడిగేవారు కదా! వారం రోజులుగా డైరీలో ఏమీ రాయలేదంటే బడికి వెళ్లి అలాగే అడగండి. మీరు కూడా అందులో రాయండి, తెలుగులోనే అయినా సరే. "రాత్రి జ్వరం వచ్చింది", "తండ్రి ఊళ్లో లేరు, పిల్ల దిగులుగా ఉంది" అని రెండు ముక్కలు రాస్తే టీచరు ఆ రోజు పిల్లను చూసే తీరు వేరుగా ఉంటుంది. ఇంటి కబురు కూడా బడికి చేరాలి గదా.

పిల్లలకు ఒక్క పని అప్పగిస్తున్నాను. బడిలో ఇచ్చిన కాగితాన్ని రాత్రి భోజనం ముందు అమ్మకు మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదివి చెప్పాలి. సొంత మాటలు కలపకూడదు, వాక్యాలు మింగకూడదు. ఇంట్లో అవ్వ ఉంటే ఆమె కూడా వింటుంది, ఆమె అడిగే ప్రశ్నలకు మీ టీచరు కూడా జవాబు చెప్పలేకపోవచ్చు.

ఈ సభ ముగిశాక వెనుక గదిలో నేను, ఇద్దరు రిటైర్డు టీచర్లు కూర్చుంటాం. ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ముందు రండి, పరీక్ష దరఖాస్తు సంగతి వారికి తొందర. ఆధార్, పాసుపుస్తకం, బడి కాగితం తెచ్చినవారు మూడూ చేతిలో పట్టుకోండి. తేనివారు పేరు రాయించుకుని వెళ్లండి, వచ్చే ఆదివారం పది గంటలకు మళ్లీ ఇక్కడే ఉంటాం.