ఆ ఏడాది రాజు బతికి ఉంటే: కొనాట్ రాజ్యం కథ

(డబ్లిన్‌లో మన మిత్రుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటలనే కొద్దిగా సరిచేసి రాశాను.)



ముందే చెప్తున్నా, నేను చరిత్రకారుణ్ణి కాదు. ఇంజనీరింగ్ చదివి, కంపెనీల కంప్యూటర్ సిస్టమ్‌లు చూసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. మా పనిలో ఏదైనా కూలిపోతే మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ ఒక్కటి వేరేగా జరిగి ఉంటే ఇది కూలేది కాదు? ఇవాళ అదే ప్రశ్న ఈ దేశపు పాత రాజ్యం ఒకదాని గురించి అడుగుతాను. మనం తింటున్న తిండి ఈ గడ్డది, దీని కథ మనకు తెలియాలి. ఇంకో కారణం కూడా ఉంది. అది చివర్లో చెప్తాను.

పోయిన శీతాకాలం పని మీద గాల్వే వెళ్లాను. శనివారం ఖాళీ దొరికితే పడమటి వైపు కానెమారా దాకా కారు నడుపుకుంటూ పోయాను. అక్కడ బోర్డుల మీద ఊళ్ల పేర్లు ఐరిష్‌లో మాత్రమే ఉంటాయి. టీ తాగుదామని ఒక కొట్టు దగ్గర ఆగితే, ముసలాయన ఒకరు మనవరాలితో ఐరిష్‌లో మాట్లాడుతున్నారు. ఆ పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తోంది. మా ఇంట్లో నేను తెలుగులో అడిగితే మా అమ్మాయి చెప్పే జవాబు గుర్తొచ్చింది. ఆ పిల్ల ఉన్నది మాత్రం సొంత దేశంలోనే. అక్కడ మొదలైంది నా చదువు.

ఆ పడమటి ప్రాంతమే కొనాట్. షానన్ నదికి అవతల, ఓకానర్లు ఏలిన రాజ్యం. చిన్నదే గానీ పనికిమాలినది కాదు. టర్లో ఓకానర్ అనే రాజు 1120లో ఆథ్లోన్ దగ్గర షానన్ మీద వంతెన కట్టాడు. 1124లో గాల్వే నదీ ముఖద్వారంలో కోట కట్టాడు. ఆయన కాలంలోనే, 1123లో చేయించిన కాంగ్ శిలువ ఇప్పుడు మన కిల్డేర్ వీధి మ్యూజియంలో ఉంది. ప్రవేశం ఉచితం, ఈసారి పిల్లల్ని తీసుకెళ్లండి. 1152లో ఐర్లండ్ చర్చిని నలుగురు ఆర్చిబిషప్పుల కింద విభజించినప్పుడు అందులో ఒకరి పీఠం కొనాట్‌లోని ట్యూమ్‌కే దక్కింది.

టర్లో కొడుకు రోరీ ఓకానర్ మొత్తం ఐర్లండ్‌కు పెద్దరాజు అయ్యాడు. 1166లో లెన్‌స్టర్ రాజు డెర్మట్ మాక్‌మరోను తరిమేశారు. డెర్మట్ సముద్రం దాటి ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీ కాళ్ల మీద పడ్డాడు. 1169లో నార్మన్ సైనికులు వెక్స్‌ఫర్డ్ తీరంలో దిగారు. మరుసటి ఏడాది స్ట్రాంగ్‌బో వచ్చి డెర్మట్ కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. డబ్లిన్ పడిపోయింది. 1171లో హెన్రీ స్వయంగా వచ్చాడు. ఇంటి గొడవ తీర్చుకోవడానికి బయటివాణ్ణి పిలిస్తే, వాడు గొడవ తీరాక తిరిగిపోడు.

ఐర్లండ్ గురించి ఊహించేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగుతారు. స్ట్రాంగ్‌బో ఓడ మునిగి ఉంటే? 1171లో రోరీ డబ్లిన్ ముట్టడి గెలిచి ఉంటే? నాకు ఆ ఊహలు నచ్చవు. ఒక ఓడ మునిగితే ఇంకో ఓడ వస్తుంది. పక్కన బలమైన రాజ్యం ఉన్నప్పుడు ఒక్క గెలుపుతో పని అయిపోదు. అసలు ప్రశ్న వేరు: ఓడిన తర్వాత కూడా ఒక రాజ్యం ఎలా నిలబడుతుంది?

1175 అక్టోబర్‌లో విండ్సర్ ఒప్పందం జరిగింది. రోరీ హెన్రీని పైరాజుగా ఒప్పుకున్నాడు. బదులుగా కొనాట్ రోరీదే. నార్మన్లు పట్టుకోని మిగతా ప్రాంతాల మీద కూడా పెత్తనం ఆయనదే. కప్పం ఏమిటంటే, కోసిన ప్రతి పది పశువులకు ఒక మంచి తోలు. రెండేళ్లు తిరగకముందే, 1177లో, హెన్రీ తన పదేళ్ల కొడుకు జాన్‌ను ఐర్లండ్‌కు ప్రభువును చేసి, కార్క్, లిమెరిక్ రాజ్యాలను తనవాళ్లకు పంచేశాడు. ఒప్పందం చింపలేదు, పక్కన పెట్టారంతే. అమలు చేయించే శక్తి లేని ఒప్పందం ఎలా ఉంటుందో 1956 పెద్దమనుషుల ఒప్పందం చూసినవాళ్లకు నేను వివరించక్కర్లేదు.

ఇప్పుడు అదే కాలపు ఇంకో ఒప్పందం చూడండి. విండ్సర్‌కు ఏడాది ముందు, 1174లో, స్కాట్లండ్ రాజు విలియం యుద్ధంలో హెన్రీకి పట్టుబడ్డాడు. ఫలేజ్ దగ్గర రాయించుకున్న ఒప్పందం విండ్సర్ కంటే ఘోరం. ఎడిన్‌బరో సహా ముఖ్యమైన కోటలు ఇంగ్లండ్ చేతికి పోయాయి. అయినా స్కాట్లండ్ నిలిచింది. 1189లో హెన్రీ చనిపోయాడు. కొత్త రాజు రిచర్డ్‌కు క్రూసేడ్ కోసం డబ్బు కావాలి. విలియం కాంటర్‌బరీ వెళ్లి, పదివేల మార్కుల వెండి చెల్లించడానికి ఒప్పుకుని, తన రాజ్యాన్ని విడిపించుకున్నాడు. కత్తి తీయలేదు.

మరి అదే 1189లో కొనాట్‌లో ఏం జరుగుతోంది?

రోరీ 1183లో గద్దె దిగి కాంగ్ మఠానికి వెళ్లాడు. కొడుకు కానర్ మేన్‌మొయ్ రాజయ్యాడు. సమర్థుడు. 1188లో జాన్ డి కర్సీ అనే నార్మన్ ప్రభువు కొనాట్ మీదికి వస్తే, కర్ల్యూ కొండల్లో దెబ్బకొట్టి వెనక్కి పంపాడు. మరుసటి ఏడాదే, 1189లో, ఆ రాజును సొంత మనుషులే చంపారు. గద్దె కోసం కానర్ తండ్రి మళ్లీ బయటికొచ్చాడు, చిన్నాన్న కాహల్ లేచాడు, తర్వాత కానర్ కొడుకు కూడా దిగాడు. అతని పేరూ కాహలే. ఓరుగల్లును రుద్రదేవుడు ఏలుతున్న రోజులవి. పడమట అక్కడ ఒక రాజ్యం తన అవకాశాన్ని పోగొట్టుకుంటోంది. ఇంగ్లండ్ స్వేచ్ఛను వెలకట్టి అమ్ముతున్న ఏడాది, కొనడానికి పంపే రాజే కొనాట్‌కు లేడు.

తర్వాతది చదివితే బాధేస్తుంది. విలియం డి బర్గ్ అనే నార్మన్ 1200లో ఒక కాహల్ పక్షాన వచ్చాడు, 1202లో రెండో కాహల్ పక్షాన వచ్చాడు. రెండుసార్లూ పిలిచింది ఓకానర్లే. చిన్నాన్న కాహల్ గెలిచి, తెలివిగా ఏలాడు. 1215లో జాన్ రాజు దగ్గర కొనాట్ మొత్తానికీ పట్టా రాయించుకున్నాడు. అదే రోజు జాన్ అదే కొనాట్‌కు ఇంకో పట్టా కూడా రాయించాడు, విలియం కొడుకు రిచర్డ్ డి బర్గ్ పేరు మీద. ఒకే భూమి, ఒకే రోజు, రెండు పట్టాలు. రెండోది దాచి ఉంచారు. 1224లో కాహల్ చనిపోగానే ఆయన కొడుకులూ రోరీ కొడుకులూ కొట్టుకున్నారు, ఇద్దరూ నార్మన్లను పిలిచారు. 1227లో దాచిన కాగితం బయటికొచ్చింది. 1235లో సైన్యం వచ్చింది. ఓకానర్లకు మిగిలింది రాస్‌కామన్ చుట్టూ కొంత నేల.

కాబట్టి నేను మార్చే అంశం ఒక్కటే: 1189లో కానర్ చావకూడదు. అంతకంటే ముఖ్యంగా, అతని తర్వాత ఎవరో ముందే తేలాలి.

దానికి బయటినుంచి ఏమీ తేనక్కర్లేదు. గేలిక్ ఆచారంలో రాజవంశంలోని మగవాళ్లలో ఎవరైనా రాజు కావచ్చు. గొడవంతా అక్కడే. కానీ రాజు బతికుండగానే వారసుణ్ణి ఎంచుకునే పద్ధతి కూడా ఉంది. ఆ వారసుణ్ణి టానిష్టా అంటారు. రోజూ వార్తల్లో వినే మాటే, ఇవాళ ఐర్లండ్ ఉపప్రధానిని పిలిచే పేరు అదే. కానర్ తన చిన్నాన్న కాహల్‌ను టానిష్టాగా ఒప్పుకుని, ఓకానర్లకు పట్టం కట్టే కార్న్‌ఫ్రీ దిబ్బ మీద అందరిచేతా ప్రమాణం చేయించి ఉంటే?

అప్పుడు డి బర్గ్‌లను పిలిచేవాడు ఉండడు. గాల్వే కోట చుట్టూ రాజు రక్షణలో ఒక సంత ఊరు పెరుగుతుంది. తోళ్లు, ఉన్ని బయటికి వెళ్తాయి, వెండి లోపలికి వస్తుంది. పశువులు తప్ప నాణెం లేని రాజ్యానికి కొనే శక్తి వస్తుంది. 1215లో, మాగ్నా కార్టా గొడవలో జాన్ పీకలదాకా మునిగి ఉన్నప్పుడు, కొనాట్ దూత వెండి మూటతో వెళ్లి కప్పం లేని పట్టా అడుగుతాడు. రెండో పట్టా రాయించుకోవడానికి ఎవడూ వరసలో ఉండడు.

మీరు అడగొచ్చు: 1189లో ఐర్లండ్ ప్రభువు రిచర్డ్ కాదు, జాన్ కదా, వాడు అమ్మేవాడా? నిజమే, ఆ ఏడాదే కుదిరేది కాకపోవచ్చు. కానీ జాన్‌కు డబ్బు అవసరం లేని ఏడాది తక్కువ. ఇంకొకటి: వేల్స్‌లో గ్వినెడ్ రాజు లెవెలిన్‌కు 1267లో ఒప్పందం దక్కింది, 1282లో ప్రాణం పోయింది, రాజ్యం పోయింది. అది కూడా నా లెక్కలో ఉంది. నా కొనాట్ శాశ్వతంగా నిలుస్తుందని అనను. స్కాట్లండ్ కూడా 1707లో కలిసిపోయింది. కానీ సొంత న్యాయస్థానాలు, సొంత చర్చి కాపాడుకుని, తన పేరుతో సంతకం పెట్టి కలిసింది. కొనాట్‌కు ఆ సంతకం చేసే అవకాశం రాలేదు. క్రామ్‌వెల్ కాలంలో భూములు లాక్కున్నవాళ్లను తోలడానికి ఆ నేల పనికొచ్చింది. 1841, 1851 జనాభా లెక్కల మధ్య కరువులో, వలసల్లో నాలుగో వంతుకు పైగా జనాన్ని పోగొట్టుకుంది. సొంత పాలన కరువును ఆపేదని చెప్పలేను. ఐరిష్‌లో నడిచే కోర్టు, ఐరిష్‌లో పద్దు రాసే బజారు ఉండేవని మాత్రం నమ్ముతాను. అప్పుడు ఆ కొట్టులో మనవరాలు తాతకు ఏ భాషలో జవాబిచ్చేదో మీరే ఆలోచించండి.

చివర్లో చెప్తానన్న మాట. పోయిన నెల ఈ నగరంలో మనవాళ్లు ఒకే రోజు రెండు సమావేశాలు పెట్టారు. ఒకే డిమాండు, రెండు వినతిపత్రాలు, రెండు సంతకాల జాబితాలు. నేను ఒక జాబితాలో సంతకం చేసి, రెండో హాలుకు వెళ్లొద్దని పది మందికి ఫోన్ చేశాను. ఆ తప్పు నాది కూడా. వినతిపత్రం అందుకునేవాడికి ఇంతకంటే సుఖం ఏముంటుంది? ఏ కాగితం పైకి తీయాలో, ఏది సొరుగులో పెట్టాలో వాడి ఇష్టం.

ఆ రెండో హాలు నుంచి ఇవాళ ఐదుగురు వచ్చారు, వెనక వరసలో కూర్చున్నారు. అన్నా, ముందుకు రండి. టీ అయ్యాక రెండు జాబితాలూ ఈ బల్ల మీద పెట్టి ఒకటి చేద్దాం. పైన ఎవరి పేరు ఉండాలన్నది మీరే రాయండి, కింద నేను సంతకం చేస్తాను.

సెలవు.