నెట్ లేని కంప్యూటర్‌కు వైరస్ రాదా?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)

 

పొదుపుల గురించి, వాయిదాల గురించి ఇందాక అందరూ బాగా మాట్లాడారు. నేను ఆ లెక్కలన్నీ దాచుకున్న కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్తాను. నేను పదో తరగతి వరకే చదివాను. అయినా తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నది మీకూ చెప్పాలని నిలబడ్డాను.

"మన కంప్యూటర్‌కు నెట్టే లేదు, ఇక వైరస్ ఎక్కడి నుంచి వస్తుంది?" అని చాలామంది అంటారు. వస్తుంది అక్కా. మన గేదె ఊరు దాటి పోకపోయినా, సంతలో కొన్న గేదెను తెచ్చి పక్కన కట్టేస్తే గాలికుంటు రాదా? ఇదీ అంతే. వైరస్ అంటే మనిషి రాసిన ప్రోగ్రామే. ఫైలు ఏ దారిలో లోపలికి వస్తే అదీ ఆ దారిలోనే వస్తుంది. నెట్ ఒక దారి. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఛార్జింగ్ కోసమని తగిలించిన ఫోను, ఇవన్నీ కూడా దారులే.

ఇది కొత్త సంగతేం కాదు. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' అనే వైరస్ ఫ్లాపీల మీదే దేశాలు తిరిగింది. 2010లో 'స్టక్స్‌నెట్' అనేది బయటపడింది. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో యంత్రాలు నడిపే కంప్యూటర్లకు బయటి నెట్ లేదు. అయినా పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకే ఆ వైరస్ అక్కడికి చేరి యంత్రాలను పాడుచేసింది. అంత కాపలా ఉన్నచోటికే పోయింది, మన ఆఫీసు ఎంత?

మా గ్రామ సంఘంలోనే జరిగింది. బ్యాంకు లింకేజీ జాబితా ప్రింటు తీయించడానికి పెన్‌డ్రైవ్ ఒక జిరాక్సు షాపుకు పోయి వచ్చింది. తెచ్చి పెట్టాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనపడ్డాయి. నొక్కితే ఫోల్డర్ తెరుచుకున్నట్టే ఉంటుంది గానీ, ఆ నొక్కుడుతోనే వైరస్ కంప్యూటర్‌లోకి దిగుతుంది. ఆ తర్వాత పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటుకుంటుంది. మా అదృష్టం, అది ఫైళ్లను చెరపలేదు, దాచిపెట్టింది అంతే. తెలిసినవాళ్లు వచ్చి తీసిచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ చేత్తో రాసిన అప్పుల పుస్తకమే మమ్మల్ని ఆదుకుంది.

ఇంకో రకం వైరస్ ఉంది. అది ఫైళ్లన్నింటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంటుంది. కట్టినా తీస్తుందన్న నమ్మకం లేదు. అప్పుడు ఎవరు ఎన్ని వాయిదాలు కట్టారో ఏం చూపిస్తాం? కూలి డబ్బు తెచ్చి వాయిదా కట్టిన చెల్లెలిని "నువ్వు కట్టలేదు" అంటే ఆమె మనసు ఏమవుతుంది? సంఘం నిలబడింది నమ్మకం మీద. నమ్మకం నిలబడింది లెక్క మీద.

నెట్ లేకపోతే లాభం లేదని నేను అనడం లేదు. వైరస్ వచ్చే పెద్ద దారి ఒకటి మూసుకుంటుంది, మన ఆధార్ కాపీలు నెట్ ద్వారా బయటికి పోవు. కానీ నష్టమూ ఉంది. నెట్ లేని కంప్యూటర్‌లో యాంటీవైరస్ తనంతట తాను అప్‌డేట్ కాదు. పాతబడిపోయి కొత్త వైరస్‌లను గుర్తుపట్టలేదు. "నెట్ లేదు కదా" అన్న ధీమాతో దాని సంగతి ఎవరూ చూడరు.

అందుకని సభ ముందు కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి, ఆఫీసు పెన్‌డ్రైవ్ వేరు, బయటికి పోయే పెన్‌డ్రైవ్ వేరుగా ఉండాలి. బయటికి పోయినదాన్ని స్కాన్ చేయకుండా ఏ ఫైలూ తెరవకూడదు.

రెండు, ఆఫీసు కంప్యూటర్‌కు ఎవరి ఫోనూ ఛార్జింగ్ పెట్టకూడదు. పిల్లల సినిమాలు, పాటలు ఎక్కించకూడదు.

మూడు, నెలకొకసారైనా యాంటీవైరస్ అప్‌డేట్ చేయించాలి. ఆ పని ఎవరిదో పేరు రాసి పెట్టాలి.

నాలుగు, ప్రతి సమావేశం తర్వాత లెక్కలను వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించే ఉంచితే తాళం వేసే వైరస్ దాన్నీ వదలదు. కాపీ సరిగ్గా తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి.

అయిదు, కంప్యూటర్ వచ్చిందని పుస్తకం రాయడం మానకూడదు.

"హార్డ్ డిస్కుకు మళ్లీ ఖర్చా?" అని కొందరు అడగొచ్చు. ఖర్చే. కానీ బీరువా కొన్నప్పుడు తాళానికి వెనకాడలేదు కదా. దీన్ని తీర్మానం పుస్తకంలో రాసి, అన్ని గ్రామ సంఘాలకూ పంపమని అధ్యక్షురాలిని కోరుతున్నాను.