పంటి గార తీసే యంత్రం - ఒక గుమాస్తా అనుభవం
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు నన్ను పది నిమిషాలు మాట్లాడమని పట్టికలో పేరు వేసేరు. విషయం ఏమిటని అడిగితే, "నీకు తెలిసినదేదైనా సరే, పదిమందికి పనికొస్తే చాలు" అన్నారు. నాకు ముందు పంచాంగం చదివినవారున్నారు, పద్యాలు చదివినవారున్నారు. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. రైల్వేలో స్టోర్సు గుమాస్తాను. ఇండెంట్లు, లెడ్జర్లు తప్ప నాకు వేరే సాహిత్యం తెలియదు. అందుచేత నా బల్లమీదికి వచ్చి నాకు బుద్ధి చెప్పి వెళ్ళిన ఒక చిన్న వస్తువును గురించి మనవి చేస్తాను. అది పళ్ళ డాక్టర్లు గార తీయడానికి వాడే అల్ట్రాసోనిక్ స్కేలరు అనే యంత్రపు మొన.

పండుగపూట పళ్ళ గొడవేమిటని నవ్వకండి. పొద్దున్న మనమంతా ఉగాది పచ్చడి తిన్నాం. అందులోని మామిడి ముక్క నమలలేక పక్కకు తీసిపెట్టిన పెద్దలు ఈ సభలోనే ఉంటారు. మా అమ్మ అటువంటివారిలో ఒకర్తె.

మొదట గార అంటే ఏమిటో చెప్పుకుందాం. పంటిమీద మెత్తగా, జిగటగా పేరుకునేది పాచి. అది సూక్ష్మజీవుల గూడు. శ్రద్ధగా తోముకుంటే పోతుంది. తోమగా మిగిలినదానికి ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు పట్టి కొద్ది రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది. అదే గార. కింది ముందుపళ్ళ వెనకవైపు, పై దవడపళ్ళకు బుగ్గవైపు ఎక్కువగా పడుతుంది. ఉమ్మి నోట్లోకి ఊరే దారులు అక్కడే ఉన్నాయి. ఒకసారి రాయి కట్టిన తరవాత అది వేపపుల్లకూ లొంగదు, బ్రష్షుకూ లొంగదు. దానిమీద మళ్ళీ పాచి చేరుతుంది. చిగురు వాస్తుంది, నెత్తురు కారుతుంది. చాలామందికి నొప్పి మాత్రం ఉండదు. నొప్పి లేదుకదా అని ఊరుకుంటే కొన్నేళ్ళకు పంటిని పట్టుకున్న ఎముక తరిగిపోయి పన్ను కదులుతుంది.

మా తాతగారు ఆవిరి ఇంజన్ల రోజుల్లో లోకో షెడ్డులో బాయిలర్లు కడిగే పని చేసేవారు. నీళ్ళలోని సున్నం బాయిలరు గొట్టాలకు గారపడితే ఇంజను బొగ్గు ఎక్కువ తింటుంది, ఆవిరి తక్కువ ఇస్తుంది, అశ్రద్ధ చేస్తే గొట్టం పాడైపోతుంది అని చెప్పేవారు. బాయిలరు కడగడానికి ఒక తేదీ ఉండేదట. ఇంజను బాగానే నడుస్తోంది కదా అని ఆ తేదీ దాటించకూడదట. నోటి సంగతీ అంతే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గారను చిన్న చిన్న పనిముట్లతో గోకి తీయడం పాత విద్యే. సుమారు వెయ్యేళ్ళ కిందట స్పెయిన్‌లోని కార్డోవా దగ్గర ఉండిన అల్ జహ్రావీ అనే వైద్యుడు అటువంటి పనిముట్ల బొమ్మలు తన గ్రంథంలో ఇచ్చేడు. నేటికీ డాక్టర్లు చేతి పనిముట్లు వాడుతూనే ఉన్నారు. యంత్రం మాత్రం 1950ల నాటిది. చెవికి వినబడనంత వేగంగా కొట్టుకునే మొనతో పన్ను తొలవాలని మొదట ప్రయత్నించేరు. గాలితో తిరిగే అతివేగపు డ్రిల్లు 1957లో రావడంతో ఆ ప్రయత్నం వెనకబడింది. కాని అదే కదలికతో గార తీయవచ్చునని 1955లో జిన్నర్ అనే ఆయన ప్రకటించేడు. అలా పన్ను తొలవడానికి పుట్టిన యంత్రం పన్ను కాపాడడానికి పనికివచ్చింది.

ఇది పనిచేసే తీరు చెబుతాను. మన చెవి సెకనుకు సుమారు 20 వేల కంపనాల వరకే పట్టగలదు. ఈ మొన అంతకుమించి, 50 వేల దాకా కూడా కొట్టుకుంటుంది. కదిలే దూరం మాత్రం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. యంత్రాలు రెండు రకాలు. ఒకదానిలో పలుచని నికెల్ రేకుల కట్ట తీగచుట్ట మధ్య ఉండి, కరెంటు మారినప్పుడల్లా సాగి ముడుచుకుంటుంది. అయస్కాంతంవల్ల లోహం పొడవు మారుతుందని 1842లో జూల్ కనిపెట్టిన సూత్రం ఇది. రెండోదానిలో పింగాణీవంటి పదార్థపు బిళ్ళలు కరెంటుకు కదులుతాయి. దీనికి మూలం 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాల్లో కనిపెట్టిన గుణం. రెండింటికీ నీళ్ళు కావాలి. నీళ్ళు మొనను చల్లబరుస్తాయి, ఊడిన గారను కడిగేస్తాయి, అందులో పుట్టి పగిలే సన్నని బుడగలు పాచిని కదిలిస్తాయి.

ఇక నా కథ. ఈ ఖుర్దా రోడ్డుకు బదిలీ కాకముందు నేను వేరొక ఊళ్ళో పనిచేసేను. ఆ ఊరు, ఆ ఆస్పత్రి పేర్లు అడగకండి. తప్పు నాది. ఆస్పత్రి పళ్ళ విభాగంనుంచి ఆరు టిప్పులు కావాలని ఇండెంటు వచ్చింది. టిప్పంటే యంత్రపు మొన. చూస్తే చిటికెనవేలంత లేదు, ధర చూస్తే కళ్ళు తిరిగేయి. లెడ్జరు తీసేను. మునుపు ఇచ్చినవి మూడున్నాయి. విరిగినట్టు రిపోర్టు లేదు. "మునుపటి మూడును వాడుకలో ఉన్నవి. కొత్తవాటి అవసరం రుజువు చేయవలెను" అని ఫైలుమీద రాసేను. అధికారిగారు సంతకం పెట్టేరు. ఫైలు తిరిగి వెళ్ళింది. సర్కారు సొమ్ము ఆదా చేసేనని ఆ సాయంత్రం సంతోషంగా ఇంటికి వెళ్ళేను.

ఆ ఫైలు అటూ ఇటూ తిరిగిన నాలుగు నెలల్లోనే మా అమ్మ చిగుళ్ళనుంచి నెత్తురు కారడం మొదలైంది. గార తీయిస్తే పళ్ళు కదులుతాయని ఆమెకు భయం. నేనే నచ్చజెప్పి తీసుకువెళ్ళేను. కుర్చీలో పది నిమిషాలు కూర్చుంది. బాధకు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సగం పని కాకుండానే లేచిపోయింది. "ఒరే బాబూ, పన్ను పీకినా ఓర్చుకుంటాను గాని ఆ యంత్రం జోలికి మళ్ళీ తీసుకురాకురా" అంది. డాక్టరమ్మగారి చెయ్యి మొరటుదని మనసులో అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆ డాక్టరమ్మగారే నా బల్ల దగ్గరకు వచ్చేరు. ఆమె ఒడియావారు. కోపంగా ఒక్క మాట అనలేదు. పాత టిప్పు ఒకటి, ఎక్కడనుంచో అరువు తెచ్చిన కొత్త టిప్పు ఒకటి కాగితంమీద పక్కపక్కన పెట్టి, "బాబూ, తేడా ఎంతో చెప్పండి" అన్నారు. స్కేలు పెట్టి చూసేను. 2 మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది.

"1 మిల్లీమీటరు అరిగితే దీని పనిలో నాలుగో వంతు పోతుంది. 2 అరిగితే సగం పోతుంది, అప్పుడు పారెయ్యాలి. పని జరగనప్పుడు మా చెయ్యి తెలియకుండానే గట్టిగా నొక్కుతుంది. రోగికి బాధ, పంటికి గీత. పైగా ఒక రోగి నోట్లోనుంచి తీసినది ఆటోక్లేవులో ఉడికితే తప్ప ఇంకొకరి నోట్లో పెట్టకూడదు. మూడింటితో పూటకు ఎంతమందిని చూడను?" అన్నారు.

మా అమ్మ మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయేను. ఆ వారంలోనే ఇండెంటు కదిలించేను. టిప్పులు వచ్చేయి. అమ్మ మాత్రం మళ్ళీ రాలేదు. రెండేళ్ళకు కింది ముందుపళ్ళు నాలుగు పోయేయి. నా రాతవల్లే పోయేయని చెప్పను, అప్పటికే ఎముక తరిగి ఉండవచ్చు. కాని ఆమె ఆ కుర్చీలోనుంచి లేచిపోవడానికి కారణం నా రాత కూడా అని నాకు తెలుసు.

తరవాత అప్పుడప్పుడు ఆ విభాగానికి వెళ్ళి, ఆ యంత్రాన్ని ఎలా చూసుకుంటారో అడిగి తెలుసుకున్నాను. అవి చెబుతాను. మన పిల్లల్లో డెంటల్ అసిస్టెంట్లుగా, ఆస్పత్రి స్టోర్సులో పనిచేసేవారికి ఉపయోగపడవచ్చు.

పొద్దున్నే యంత్రం తెరవగానే మొన బిగించకుండా రెండు నిమిషాలు నీళ్ళు వదలాలి. ఒక్కొక్క రోగి తరవాత అరనిమిషం వదలాలి. రాత్రంతా సన్నని గొట్టంలో నిలిచిన నీళ్ళలో సూక్ష్మజీవులు గోడకు అంటుకుని పెరుగుతాయి. ఈ నీటిలో మిల్లీలీటరుకు 500 కాలనీలు మించరాదని 2003లో అమెరికా వ్యాధి నివారణ కేంద్రంవారు సూచించేరు. ఉత్త నీళ్ళు వదిలినంతమాత్రాన గొట్టం శుభ్రపడదు. తయారుచేసినవారు చెప్పిన మందుతో, చెప్పిన గడువుకు గొట్టం కడగాలి. సీసా ఉన్న యంత్రమైతే సాయంత్రం సీసా ఖాళీచేసి ఆరబెట్టాలి. బోరునీళ్ళు పోస్తే ఇంకొక చిక్కు ఉంది. పంటి గార తీసే యంత్రానికే లోపల గార పడుతుంది! ఆ మాట విన్నప్పుడు మా తాతగారు జ్ఞాపకం వచ్చేరు.

వాడిన మొనను బ్రష్షుతో కడిగి, సంచిలో పెట్టి, ఆటోక్లేవులో 121 డిగ్రీల వేడిలో కనీసం 15 నిమిషాలు, లేదా 134 డిగ్రీల వేడిలో కనీసం 3 నిమిషాలు ఉంచాలి. ఊడే రకమైతే హ్యాండ్‌పీసును కూడా అలాగే చెయ్యాలి. స్పిరిటుతో తుడిచి ఊరుకోవడం చాలదు. మొనను దానికిచ్చిన తాళంతోనే బిగించాలి, కటింగు ప్లేయరుతో కాదు. వదులుగా ఉంటే యంత్రం కీచుమంటుంది, పని జరగదు. వంగిన మొనను సరిచేసి వాడకూడదు, ఆకురాయితో పదును పెట్టకూడదు. కంపెనీవారు ఇచ్చే కొలత కార్డుమీద నెలకొకసారైనా పెట్టి చూసి, ఆ తేదీ, అరుగుదల పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకమే ఉండి ఉంటే, నాబోటి గుమాస్తా అడిగిన రుజువు అదే అయ్యేది.

చేతివాడుకలోనూ పద్ధతి ఉంది. కలం పట్టినట్టు తేలికగా పట్టాలి. మొన కొసను పంటికి గుచ్చకూడదు, పక్కభాగాన్ని దాదాపు పంటికి సమంగా ఆనించాలి. ఒకచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. శక్తి తక్కువలో మొదలుపెట్టాలి. నీళ్ళు సన్నని తుంపరగా మొనచుట్టూ పడాలి. ఆ తుంపరలో నోటిలోని క్రిములు గాలిలోకి లేస్తాయి గనుక గట్టిగా లాగే సక్షన్ గొట్టం, డాక్టరుకు ముసుగు తప్పనిసరి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ యంత్రం వాడకానికి అంత జాగ్రత్తపడింది అందుకే.

ఇక కుర్చీలో కూర్చునే మన సంగతి. గార తీస్తే పళ్ళు కదులుతాయన్నది పొరపాటు. ఎముక ముందే తరిగి ఉంటే, గార అడ్డుకట్టలా పళ్ళను కలిపి ఉంచుతుంది. అది తీసేసరికి అసలు కదలిక తెలుస్తుంది, సందులు కనబడతాయి. కొద్ది రోజులు చల్లనీళ్ళకు జివ్వుమంటాయి, తరవాత సర్దుకుంటుంది. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్నవారు, గుండె కవాటం మార్పించుకున్నవారు, నెత్తురు పలచబడే మందులు వాడేవారు, క్షయ ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మనవారికి ఇంకొక ఇబ్బంది ఉంది. తూర్పుకోస్తా రైలుమార్గం పడిన నాటినుంచి మనం ఈ దేశంలో ఉన్నా, ఇంట్లో ఉండే మన పెద్దమ్మలకు, మామ్మలకు ఒడియా అంతగా రాదు. నోరు తెరుచుకుని కూర్చున్నవారికి ఏ భాషా రాదనుకోండి! అయినా బాధ కలిగినప్పుడు ఎలా చెప్పాలో తెలియక, ఓర్చుకుని, ఇంటికి వచ్చి మళ్ళీ వెళ్ళనంటారు. అందుచేత చదువుకున్న పిల్ల ఒకర్తె తోడు వెళ్ళాలి. బాధ అనిపిస్తే ఎడమచెయ్యి ఎత్తుతామని ముందే డాక్టరుతో అనుకోవాలి. మొన మార్చేరా, ఉడికించినదేనా అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు కోపగించుకోరు.

నా రెండు విన్నపాలతో ముగిస్తాను. ఇళ్ళలో ఉన్నవారికి ఒకటి: బాయిలరుకున్నట్టే నోటికీ ఒక తేదీ పెట్టుకోండి. ఆరు నెలలకా, ఏడాదికా అన్నది డాక్టరు చెబుతారు. చెప్పిన తేదీ దాటించకండి. నాలా కచేరీల్లో పనిచేసేవారికి ఇంకొకటి: ఒక వస్తువు అక్కరలేదని ఫైలుమీద రాసేముందు, లేచి వెళ్ళి ఆ వస్తువు ఏ పని చేస్తోందో ఒకసారి చూసి రండి. నేను పది గజాల దూరం నడిచి ఉంటే ఆ నాలుగు నెలలు పట్టేది కాదు.

ఈ ఉదయం మా ఇంట్లో అమ్మకు మామిడికాయ తురిమి పచ్చడి కలిపేరు. తిని, "రుచి బాగుంది గాని, ముక్క నమిలితే వేరురా" అంది. వచ్చే ఉగాదికి మీ ఇళ్ళలో పెద్దలంతా ముక్కే నమలాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.