కోతి కర్ర, సన్యాసి దారి



1978లో వచ్చిన విఠలాచార్యగారి 'జగన్మోహిని' మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేసిన దయ్యాన్ని చూచి పిల్లలు జడుసుకున్నారు, పెద్దలు నవ్వుకున్నారు. అయితేనేం, అందరూ చూశారు! సరిగ్గా ఆ సంవత్సరమే అక్టోబరులో, జపానులో నిప్పన్ టెలివిజన్ వారు ఇలాంటి సరంజామాతోనే ఒక సీరియల్ మొదలుపెట్టారు. పేరు 'సైయూకి'. అంటే పడమటి యాత్ర అని అర్థం. మరుసటి ఏడు బి.బి.సి. వారు దానికి ఇంగ్లీషు మాటలు జోడించి 'మంకీ' అన్న పేరుతో ప్రసారం చేశారు. ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఒక తరం పిల్లలు దానికోసం పడి చచ్చారు. ఇన్నేళ్ల తర్వాత ఆ సీరియల్ తిరిగి చూస్తే ఏమనిపిస్తుందో ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

కథ కొత్తది కాదు. చైనాలో 16వ శతాబ్దంలో పుట్టిన నవల. బౌద్ధ గ్రంథాల కోసం ఒక సన్యాసి మన దేశానికి బయలుదేరతాడు. వెంట ముగ్గురు శిష్యులు. ఒకడు రాతిగుడ్డులోంచి పుట్టిన కోతి. రెండోవాడు పంది రూపంవాడు, తిండి కనిపించినా ఆడపిల్ల కనిపించినా ఒళ్లు తెలియదు. మూడోది నీటి భూతం. దారి పొడుగునా రాక్షసులే! కోతి తన చెవిలోంచి సూదంత కర్ర తీస్తాడు. అది చూస్తూండగానే నిలువెత్తు అవుతుంది. వేళ్లు పెదవుల దగ్గర పెట్టుకుని ఊదాడంటే మబ్బు దిగివస్తుంది, దానిమీద నిలబడి ఆకాశాన ఎగిరిపోతాడు.

ఇప్పుడు చూస్తే ఆ మబ్బు దూదిమూట లాగానే వుంటుంది. రాక్షసుల మీసాలు ఎప్పుడు ఊడతాయో అని మనకే బెంగ. కొట్లాటలో దెబ్బ తగలకముందే పల్టీ కొట్టేవాళ్లు కొందరు. ఇదంతా నవ్వుకుని వదిలేయవచ్చు. వదిలేయడానికి మనసు ఒప్పనిది ఒకటుంది. ఇంగ్లీషు గొంతులు ఇచ్చినవారు తూర్పుదేశాలవాళ్లు ఇలాగే మాట్లాడతారన్నట్టు యాసను వంకర్లు తిప్పారు. హిందీ సినిమాలో దక్షిణాదివాడి చేత మాటమాటకూ 'అయ్యయ్యో' అనిపిస్తే మనకెలా వుంటుందో, ఇదీ అంతే. పిల్లలకు చూపించేటప్పుడు ఆ సంగతి చెప్పి మరీ చూపించాలి.

మరి ఇన్ని లోపాలున్నదాన్ని మళ్లీ చూడడం ఎందుకు? ఆ సన్యాసి కోసం. ఆ వేషం కట్టినది ఒక ఆడపిల్ల, మసాకో నత్సుమే అనే నటి. మన స్థానం నరసింహారావుగారు సత్యభామగా మెప్పించారని చెప్పుకుంటాం గదా, ఇక్కడ ఇరవయ్యేళ్ల అమ్మాయి బోడితల సన్యాసిగా మెప్పించింది. ఆ తర్వాత 1994లోనూ 2006లోనూ జపానులో ఇదే కథను సీరియల్‌గా తీసినప్పుడు కూడా ఆ వేషం నటీమణులకే ఇచ్చారు.

చిన్నపిల్లల కళ్లకు ఈ సన్యాసి ఒట్టి చేతకానివాడు. కత్తి పట్టడు, కర్ర తిప్పడు. రాక్షసులు ఎత్తుకుపోతుంటే శిష్యులు విడిపించాలి. కోతి తలకు బిగించిన కట్టు ఒకటి వుంది. మంత్రం చదివితే అది బిగుసుకుని కోతి విలవిల్లాడిపోతాడు. సన్యాసి చేతిలో వున్న ఆయుధం అదొక్కటే. దాన్ని కూడా ఒక్కోసారి తొందరపడి, తప్పు లేనివాడిమీదే ప్రయోగిస్తాడు!

కానీ సంసారం చేసినవాళ్లం మనం చూస్తే మరొకటి కనిపిస్తుంది. బలమంతా ఆ ముగ్గురిదీ. అయితే ఎక్కడికి వెళ్లాలో, ఎందుకు వెళ్లాలో తెలిసినది సన్యాసికి ఒక్కడికే. ఆ ముగ్గురినీ వాళ్ల మానాన వదిలేస్తే ఒకడు పొగరుతో, ఒకడు తిండితో, ఒకడు దిగులుతో దారిలోనే ఆగిపోతారు. వాళ్లను నడిపించేది తలకట్టు కాదు, సన్యాసి పట్టుదల. ఇంట్లో ఆడదాని ఓర్పును అందరూ మెచ్చుకుంటారు, దారి చూపడం మాత్రం ఆమె పని కాదంటారు. ఓర్పు అంటే పడి వుండడం కాదండీ. ఎటు పోవాలో తెలిసినవారు మాత్రమే ఓర్చుకోగలరు. ఆ అమ్మాయి ముఖంలో నాకు కనిపించినది ఆ తెలివిడి.

ఈ సన్యాసికి మూలం హ్యూయన్ త్సాంగ్. మనం బడిలో చదువుకున్న ఆయనే! 645లో స్వదేశం చేరినప్పుడు 657 గ్రంథాలు వెంట తీసుకువెళ్లాడు. మన ఆంధ్రదేశానికి వచ్చి, ధాన్యకటకంలో కొన్ని నెలలుండి, ఇక్కడి భిక్షువుల దగ్గర శాస్త్రం చదువుకున్నాడు. అసలు యాత్రికుడికి మబ్బుమీద ఎగిరే కోతి తోడు లేడు. సీరియల్ చివర వచ్చే పాట పేరు 'గాంధార'. మన గాంధారి పుట్టిల్లు! అంత దూరాన జపాను పిల్లలు ఆ పేరు పాడుకున్నారంటే ముచ్చటగా లేదూ?

మసాకో నత్సుమే రక్త కేన్సరుతో 1985 సెప్టెంబరులో కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు 27. కేన్సరు మందులతో జుట్టు ఊడిపోయినవారికి విగ్గులు అరువిచ్చే నిధి ఒకటి ఆమె పేరుమీద 1993 నుంచి నడుస్తున్నది. అద్దంలో ముఖం చూసుకోవడానికి జంకే ఆడపిల్లకు ఆ సాయం విలువ ఎంతో నేను వేరే చెప్పనక్కరలేదు.

మీ యింట పిల్లలు ఇలాంటి పాత సీరియల్ ఏదైనా చూస్తూ నవ్వుతుంటే, మీరూ పక్కన కూర్చుని నవ్వండి. దూదిమబ్బును చూచి నవ్వకపోతే ఎలా? కాస్త ఆగి మాత్రం, "కర్ర కోతి చేతిలో వుంది సరే, మరి దారి ఎవరు చూపిస్తున్నారు?" అని అడిగి చూడండి. పిల్లలు ఏం జవాబు చెబుతారో వినదగ్గదే.

సెలవు.